ఇఫ్తార్ వేళ పొయ్యి దగ్గర ఎవరున్నారు?

పొద్దు వాలుతోంది. ఇంట్లో దస్తర్‌ఖాన్ పరిచి ఉంది. ఖర్జూరాలు, కోసిన పుచ్చకాయ ముక్కలు, షర్బత్ గ్లాసులు వరుసగా అమర్చి ఉన్నాయి. ఇంటిపెద్ద చేతులెత్తి దుఆ చేస్తున్నాడు. పిల్లలు మస్జిద్ సైరన్ కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. పవిత్ర రంజాన్ మాసంలో ఏ ముస్లిం ఇంటికి వెళ్ళినా సాయంత్రం కనిపించే దృశ్యమిది. అయితే ఈ దృశ్యంలో ఒక మనిషి కనిపించదు. ఆమె వంటగదిలో ఉంటుంది. బాండీలో సమోసాలు తిప్పుతూ ఉంటుంది. సైరన్ మోగగానే ఎవరో ఒక పిల్లవాడు పరుగెత్తుకెళ్ళి ఆమె చేతిలో ఖర్జూరం పెడతాడు. ఆమె నిలబడే దానిని నోట్లో వేసుకుని, మళ్ళీ జల్లిగరిటె అందుకుంటుంది.

ఇది ఎవరి ఇంటినో చూసి రాస్తున్నది కాదు. ఎన్నో ఏళ్ళు మా ఇల్లు కూడా ఇలాగే ఉండేది. ఉపవాసి ఇఫ్తార్ వేళ చేసే దుఆను అల్లాహ్ తోసిపుచ్చడని మేము ఏళ్ళ తరబడి విద్యార్థులకు బోధించాం. అస్ర్ తర్వాతి ఆ ఘడియలు ఎంత విలువైనవో హదీసుల వెలుగులో వివరించాం. కానీ తెల్లవారుజామున మూడున్నరకే లేచి అందరికీ సహరీ వండిన మా ఇంటావిడకు ఆ ఘడియలు దక్కుతున్నాయా అని ఒక్కనాడూ ఆలోచించలేదు.

2018లో రంజాన్ నడివేసవిలో వచ్చింది. ఒక సాయంత్రం మా చిన్నమ్మాయి తల్లి కోసం ఒక పళ్ళెంలో అన్నీ సర్ది పక్కన పెట్టింది. మేము మస్జిద్‌లో మగ్రిబ్ నమాజు చేసుకుని తిరిగి వచ్చేసరికి ఆ పళ్ళెం పెట్టింది పెట్టినట్లే ఉంది. "అబ్బా, అమ్మీ ఇఫ్తార్ ఎప్పుడూ చల్లారిపోయే ఉంటుంది, ఎందుకు?" అని అడిగింది ఆ పిల్ల. మా దగ్గర జవాబు లేదు. మదర్సాలో చదివిన చదువేదీ ఆ పూట అక్కరకు రాలేదు.

వేడిని భరించిన వారి హక్కు

సేవకుడు అన్నం వండి తెస్తే అతన్ని పక్కన కూర్చోబెట్టుకోమని, అది వీలుకాకపోతే కనీసం ఒకటి రెండు ముద్దలైనా అతనికి అందించమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. దానికి కారణం కూడా ఆయనే చెప్పారు: ఆ వంట వేడిని భరించింది అతడే. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. జీతానికి వండే సేవకుడికే ఇంత హక్కు ఉంటే, రోజాతో ఉండి, నాలుక పిడచకట్టుకుపోతున్నా పొయ్యి ముందు నిలబడే తల్లికి, భార్యకు, కోడలికి ఎంత హక్కు ఉండాలి?

ఇంట్లో ప్రవక్త (స) ఏం చేసేవారని ఒకరు అడిగినప్పుడు, ఆయన ఇంటివారి పనుల్లో తోడ్పడుతూ ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. తింటున్నా కడుపు నిండడం లేదని సహచరులు మొరపెట్టుకుంటే, బహుశా మీరు విడివిడిగా తింటున్నారేమోనని, కలిసి తినమని, అల్లాహ్ పేరు తలచుకోమని, అందులో బర్కత్ ఉంటుందని ఆయన ఉపదేశించారు. కలిసి తినడమంటే వండినవారు కూడా కలవడమే కదా!

మరి దీనికి మార్గమేమిటి? బజారు నుండి అన్నీ కొనుక్కు తెచ్చుకోవడమా? అది అందరికీ సాధ్యం కాదు, ఆరోగ్యానికీ మంచిది కాదు. మాకు తోచిన మార్గం ఒక్కటే. రోజూ సాయంత్రం చేసే పనిలో ముప్పావు వంతు ముందే చేసి ఫ్రీజర్‌లో దాచుకోవడం.

దాచుకోవడం తప్పా?

ఈ మాట ఇంట్లో చెప్పగానే మొదట కాదన్నది మా అమ్మీజాన్. "రోజాదారులకు బాసీ తిండి పెడతారా?" అన్నది. మా ఇంటావిడ మనసులోనూ అదే సందేహం. అత్తగారి ముందు, బంధువుల ముందు పదిరోజుల నాటి ఖీమా పెడితే ఏమనుకుంటారో అని ఆమె బెంగ.

మేము అమ్మీజాన్‌ను ఒక్కటే అడిగాం. "బక్రీద్ మాంసాన్ని ఉప్పు, పసుపు పట్టించి, తాడుకు గుచ్చి దండెం మీద ఎండబెట్టేవారు మీరే కదా? చింతచిగురు వచ్చేదాకా ఆ ఒట్టి తునకలు దాచేవారు కదా? అది బాసీ కాదా?" అమ్మీజాన్ నవ్వేసింది. మన పెద్దలు మాంసాన్ని ఎండతో కాపాడారు. మనం చలితో కాపాడుతున్నాం. నీరు చిక్కకపోతే క్రిములు పెరగవు. ఎండబెడితే నీరు పోతుంది, గడ్డకడితే నీరు బిగుసుకుపోతుంది.

దివ్య ఖుర్ఆన్‌లో యూసుఫ్ సూరా 47వ ఆయతును గమనించండి. ఏడేళ్ళ పంటలో తినడానికి కావలసిన కొంచెం తప్ప మిగతా ధాన్యాన్ని వెన్నులతోనే ఉంచమని హజ్రత్ యూసుఫ్ (అలై) సలహా ఇచ్చారు. రానున్న కష్టకాలానికి ముందుగా సిద్ధపడడమే కాదు, ఎలా దాస్తే పాడవకుండా ఉంటుందో కూడా ఇందులో ఉంది. దైవప్రవక్త (స) తన కుటుంబానికి ఏడాది గ్రాసం సమకూర్చి ఉంచేవారని హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖనం ఉంది. కనుక కుటుంబం కోసం ముందుచూపుతో దాచుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. దాచి పాడుచేయడం, దాచి పక్కవాడిని మరవడం, ఇవీ తప్పులు. ఆ సంగతి ముందు ముందు చూద్దాం.

మూడు అష్రాలు, మూడు ఆదివారాలు

చాలామంది చేసే పొరపాటు నెలంతటికీ సరిపడా ఒకేసారి వండిపెట్టడం. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేవి ఒక తలుపు ఫ్రిజ్‌లు. వాటి పైనుండే ఐసు అర చిన్నది. దానిని కిక్కిరిసేలా నింపితే చలి లోపలికి పోదు. పైగా ఆ అరలో చలి మైనస్ 18 డిగ్రీలకు చేరకపోవచ్చు. అందుకని మేము రంజాన్‌ను దాని మూడు అష్రాల ప్రకారమే విభజించుకున్నాం. షాబాన్ చివరి ఆదివారం మొదటి పది రోజులకు, ఆ తర్వాత పది రోజులకొకసారి మిగతా రెండు అష్రాలకు. మూడో విడత పని ఇరవయ్యో రోజాకు ముందే ముగియాలి. ఎందుకంటే చివరి పది రాత్రులు లైలతుల్ ఖద్ర్‌ను వెతుక్కునే రాత్రులు. ఆ రాత్రులు ఇంటి ఆడవారికీ ఉన్నాయి.

ఆ ఆదివారం ఇంటిల్లిపాదీ పనిలోకి దిగాలి. ఫజ్ర్ నమాజు కాగానే మాంసం తేవడం, ఉల్లిపాయలు, వెల్లుల్లి ఒలవడం మగవారి వంతు. సమోసా పట్టీలు చుట్టడం పిల్లల వంతు. వండేవారు ఒక్కరే అయినా చేతులు ఎనిమిది ఉంటే జొహర్ వేళకు పని ముగుస్తుంది.

ఆరుగురు ఉన్న ఇంటికి పదిరోజుల కోసం మేము చేసేవి ఇవి.

సమోసాలు: ఒక కిలో ఖీమా, అంతే బరువు ఉల్లిపాయలు. ఖీమాను నీరంతా ఇగిరేదాకా వేయించి పూర్తిగా చల్లార్చాలి. ఉల్లిపాయలు సన్నగా తరిగి, పచ్చిమిర్చి, కొత్తిమీర, పుదీనా కలపాలి. మైదా జిగురుతో పట్టీలు మూడు మూలలుగా చుట్టాలి. చిన్నవైతే యాభై అరవై దాకా వస్తాయి. వీటిని వేయించకుండా పచ్చిగానే పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరచి ఫ్రీజర్‌లో పెట్టాలి. రెండు మూడు గంటల్లో గట్టిపడ్డాక సంచిలో వేసుకోవాలి. మొదటి ఏడు మేము ఇది తెలియక అన్నీ ఒకే సంచిలో కుక్కాం. అవి ఇటుకలా ఒకే గడ్డ అయ్యాయి. కత్తితో విడదీస్తే నూనెలో విచ్చిపోయి ఖీమా అంతా తేలింది.

షామీ కబాబ్‌లు: ఒక కిలో మాంసానికి పావుకిలో శనగపప్పు. అల్లం, వెల్లుల్లి, ఎండుమిర్చి, గరంమసాలాతో ఉడికించి, నీరు ఆవిరయ్యాక మెత్తగా రుబ్బి బిళ్ళలుగా తట్టాలి. వీటినీ విడివిడిగా గట్టిపరచాలి. గుడ్డు సొన మాత్రం వేయించే రోజునే పట్టించాలి.

హలీం: గోధుమలు, పప్పులు, మాంసం కలిసి మెత్తబడే వంటకం కనుక చలికి చెడిపోదు. ఇంటి హలీం ఒక పూట శ్రమ. రెండు పూటలకు సరిపడా వండితే రెండో పూట శ్రమ ఉండదు. నెయ్యి, వేయించిన ఉల్లి, నిమ్మ, కొత్తిమీర తినే రోజే వేసుకోవాలి.

గుగ్గిళ్ళు: కిలో శనగలు నానబెట్టి ఉడికిస్తే రెండింతలకు పైగా అవుతాయి. పిడికెడు పిడికెడుగా పొట్లాలు కడితే రోజుకో పొట్లం తాలింపు వేసుకోవచ్చు.

ఇవిగాక అల్లం వెల్లుల్లి ముద్ద, పుదీనా చట్నీ, చింతపండు పులుసు ఐసు గడ్డల పళ్ళెంలో పోసి గట్టిపరిస్తే రోజుకో గడ్డ తీసుకోవచ్చు. రెండు కిలోల ఉల్లిపాయలు ఎర్రగా వేయిస్తే ఒక మోస్తరు డబ్బాలో సరిపోతాయి. రోజూ సాయంత్రం ఉల్లి తరిగే పని, వేయించే పని రెండూ తప్పుతాయి. సహరీ కోసం పరాఠాలు సగం కాల్చి, మధ్య మధ్య కాగితం పెట్టి దాచుకోవచ్చు. సహరీకి ఖిచిడీ, ఖీమా, ఖట్టా ఇష్టపడే ఇళ్ళలో ఖీమా ఒక్కటే ముందుగా వండుకుంటే చాలు. ఖిచిడీ, ఖట్టా అప్పటికప్పుడు అరగంటలో అవుతాయి.

ఇంకో మాట. షాబాన్‌లో వండే మొదటి విడతలోనే ఏ వంటకానికి ఎంత ఉప్పు పట్టిందో చెంచాల లెక్కన ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. మిగతా రెండు విడతలు రోజాతో ఉండగా వండేవి. అవసరమైతే నాలుకతో ఉప్పు చూసి ఉమ్మేయడానికి ఫిఖ్హ్‌లో అనుమతి ఉంది. కానీ లెక్క రాసి ఉంటే ఆ అవసరమే రాదు.

ఏవి పనికిరావు?

చలి అన్నింటికీ పొసగదు. కూరలోని బంగాళాదుంప ముక్కలు స్పాంజిలా అవుతాయి. ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది. పెరుగు విరిగి నీరు వేరవుతుంది. దోసకాయ, టమాటా, పుచ్చకాయ ముక్కలు కరిగాక నీరుకారిపోతాయి. వేయించిన మిర్చి బజ్జీలు, పకోడీలు మెత్తబడిపోతాయి. దహీవడల విషయంలో వడలను వేయించి దాచుకుని, తినే రోజు గోరువెచ్చని నీటిలో వేసి పిండి, తాజా పెరుగులో వేసుకోవచ్చు. షీర్ ఖుర్మా పండుగ ఉదయమే కాచాలి. సేమియా, బాదం, పిస్తా మాత్రం ముందు రోజు వేయించి డబ్బాలో పెట్టుకుంటే చాంద్ రాత్ హడావుడి తగ్గుతుంది.

చలి చేసే పని, చేయని పని

చలి క్రిములను చంపుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చలికి అవి నిద్రపోతాయి, అంతే. వెచ్చదనం తగలగానే మళ్ళీ లేస్తాయి. సుమారు 5 డిగ్రీల నుండి 60 డిగ్రీల మధ్య వేడిలో అవి వేగంగా పెరుగుతాయి. కనుక వండిన పదార్థం ఈ మధ్య వేడిలో ఎంత తక్కువసేపు ఉంటే అంత క్షేమం. వేడి వేడి గిన్నెను ఫ్రీజర్‌లో పెడితే పక్కనున్నవి కరుగుతాయి. అలాగని రాత్రంతా బయట వదిలేయకూడదు. వెడల్పు పళ్ళెంలో పలచగా పరచి, ఫ్యాను కింద ఆవిరి పోనిచ్చి, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లోకి చేర్చాలి. మండు వేసవిలోనైతే గంటే గడువు.

గడ్డకట్టడంలోనూ వేగం ముఖ్యం. నెమ్మదిగా గడ్డకడితే నీరు పెద్ద పెద్ద పలుకులుగా మారి మాంసపు పోగులను చీలుస్తుంది. కరిగినప్పుడు రసమంతా కారిపోయి ముక్క పీచుగా మిగులుతుంది. త్వరగా గడ్డకడితే పలుకులు సన్నగా ఉంటాయి, రుచి చెడదు. అమెరికా వాసి క్లారెన్స్ బర్డ్స్‌ఐ 1910ల దశకంలో నేటి కెనడాలోని లాబ్రడార్ ప్రాంతంలో ఉన్నప్పుడు, అక్కడి ఇన్యూట్ ప్రజలు పట్టిన చేప గడ్డకట్టే చలికి క్షణాల్లో బిగుసుకుపోవడం, కరిగాక తాజాగా ఉండడం గమనించాడు. నేటి శీతల ఆహార పరిశ్రమకు పునాది ఆ గమనింపే. మన ఇంట్లో ఆ చలి లేదు కనుక పొట్లాలనైనా పలచగా చేసుకోవాలి. ఖీమాను ముద్దగా కాక, పలకలా చదును చేసి పెట్టాలి. పులుసు ఉన్నవాటికి డబ్బాలో అంగుళం ఖాళీ వదలాలి. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. నిండా పోస్తే మూత ఊడుతుంది, గాజు సీసా అయితే పగులుతుంది.

ప్రతి పొట్లం మీద పేరు, తేదీ, ఎంతమందికో రాయాలి. మా ఇంట్లో అమ్మీజాన్ కోసం ఉర్దూలో, పిల్లల కోసం తెలుగులో రాస్తాం. చలి మైనస్ 18 ఉండే ఫ్రీజర్‌లో వండిన మాంసం రెండు మూడు నెలలు నిలుస్తుంది. ఒక తలుపు ఫ్రిజ్ ఐసు అరలో పది పన్నెండు రోజులకు మించి ఉంచకపోవడమే మేలు. మూడు విడతలుగా వండమనడానికి ఇదీ ఒక కారణం.

కరిగించడానికి సహరీ వేళ ఎంతో అనువైనది. సహరీ ముగించి లేచేటప్పుడు సాయంత్రానికి కావలసిన పొట్లాన్ని ఫ్రీజర్ నుండి కింది అరలోకి దించితే అస్ర్ వేళకు సిద్ధంగా ఉంటుంది. వంటగది గట్టు మీద పెట్టి కరిగిస్తే పైభాగం పాడవుతుంది, లోపల గడ్డ అలాగే ఉంటుంది. సమోసాలను మాత్రం కరిగించకూడదు. పైనున్న మంచు పొడి దులిపి, మధ్యస్థమైన మంట మీద నేరుగా నూనెలో వేయాలి. హలీం, ఖీమా వంటివి బుడగలు వచ్చేదాకా కలుపుతూ పూర్తిగా కాగాలి. ఎంత తింటారో అంతే తీసి వేడి చేయాలి. ఒకసారి కరిగించి వేడి చేసినదాన్ని మళ్ళీ గడ్డకట్టించకూడదు.

మన ఇళ్ళలో ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసినది తరావీహ్ వేళ. ఇఫ్తార్ తర్వాత భోజనం గిన్నెలు అలాగే వదిలేసి మస్జిద్‌కు వెళ్తాం. ఇషా, తరావీహ్ ముగించి వచ్చేసరికి మూడు గంటలవుతుంది. ఆ అన్నాన్నే సహరీకి వేడి చేసుకుంటాం. అన్నంలో ఉండే ఒక రకం క్రిమి ఉడికినా చావదు. బయట ఉన్న అన్నంలో అది చేసే విషం తిరిగి వేడి చేసినా పోదు. రోజాలో వాంతులు, విరేచనాలతో బాధపడేవారిలో కొందరికి మూలం ఇక్కడే ఉంటుంది. ఇంటి నుండి కదిలే ముందే మిగిలిన అన్నాన్ని ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళడం అయిదు నిమిషాల పని. ఆ పని మగవారే చేయవచ్చు.

కరెంటు పోయిన రోజు

ఒక ఏడాది రంజాన్‌లోనే బంధువు ఒకరు చనిపోతే ఇంటిల్లిపాదీ ఊరెళ్ళాం. రెండు రోజులకు తిరిగి వచ్చేసరికి ఫ్రీజర్‌లో అన్నీ గట్టిగానే ఉన్నాయి. సంతోషించాం. కానీ విడివిడిగా ఉండవలసిన సమోసాలు ఒకదానికొకటి అతుక్కుని వంకర తిరిగి ఉన్నాయి. పొరుగువారిని అడిగితే గాలివానకు ఒక పగలూ రాత్రీ కరెంటు లేదన్నారు. అన్నీ పూర్తిగా కరిగిపోయి, కరెంటు వచ్చాక మళ్ళీ గడ్డకట్టాయన్నమాట. రెండు కిలోల మాంసం, ఇంటిల్లిపాదీ ఒకనాటి శ్రమ పారబోయవలసి వచ్చింది. పారబోస్తుంటే మా ఇంటావిడ కన్నీళ్ళు పెట్టుకుంది.

అప్పటి నుండి ఒక ఉపాయం పాటిస్తున్నాం. చిన్న గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి, దాని మీద ఒక రూపాయి నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచుతాం. ఊరి నుండి వచ్చాక నాణెం పైనే ఉంటే భయం లేదు. అడుగుకు చేరి ఉంటే లోపలివన్నీ కరిగినట్లే. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంచడం ముఖ్యం. విడి తలుపున్న పెద్ద ఫ్రీజర్ నిండుగా ఉంటే సుమారు రెండు రోజులు, సగమే ఉంటే ఒక రోజు చలి నిలుస్తుంది. చిన్న ఐసు అరకు అంత నిలకడ ఉండదు. కరెంటు కోతలు ఎక్కువ ఉన్న చోట తక్కువ దాచుకోవడమే తెలివి.

ఫ్రీజర్‌లో పేదవాడి వాటా

ఫ్రీజర్ వచ్చాక మన ఇళ్ళలో ఒక మార్పు వచ్చింది. చెప్పుకోవడానికి బాధగా ఉన్నా చెప్పక తప్పదు. పూర్వం బక్రీద్ మాంసం దాచే వీలు తక్కువ. కనుక సాయంత్రంలోగా వీధి వీధికీ పంచేవారు. నేడు కొన్ని ఇళ్ళలో మంచి ముక్కలు ఫ్రీజర్‌కు, ఎముకలు గడప దగ్గర నిలబడ్డవారికి చేరుతున్నాయి.

ఒక సంవత్సరం దైవప్రవక్త (స) కుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి దాచవద్దన్నారు. మరుసటి ఏడు సహచరులు దాని గురించి అడిగితే, నిరుడు ఆకలితో వచ్చిన పేదల కోసమే అలా చెప్పానని, ఇక తినండి, దాచుకోండి, దానం చేయండి అని అనుమతించారు. ఈ హదీసులో రెండు పాఠాలున్నాయి. దాచుకోవడానికి అనుమతి ఉంది. అయితే చుట్టూ ఆకలి ఉంటే దాచే హక్కు కుదించుకుపోతుంది. కనుక ఫ్రీజర్ తలుపు వేసే ముందు వీధి వైపు ఒకసారి చూడాలి.

ఫ్రీజర్‌ను మేలుకూ వాడవచ్చు. మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైన వార్త వచ్చినప్పుడు, వారి ఇంటివారికి అన్నం వండి పంపండి, వారి మనసు దుఃఖంలో మునిగి ఉందని ప్రవక్త (స) ఆదేశించారు. నేడు మన దగ్గర ఇది తలకిందులైంది. చావు ఇంటివారే వచ్చినవారికి వండి పెడుతున్నారు. ప్రతి విడతలో ఒక పొట్లం మీద 'పొరుగింటికి' అని రాసి పెట్టుకుంటే, చావు జరిగిన ఇంటికి, పురుడు జరిగిన ఇంటికి, జ్వరంతో పడుకున్న ఒంటరి ముసలమ్మకు గంటలో వేడి భోజనం పంపవచ్చు. ఆ పొరుగువారు ముస్లింలు కాకపోయినా సరే, పొరుగు హక్కు పొరుగు హక్కే. వారు మాంసాహారులు కాకపోతే గుగ్గిళ్ళో, పండ్లో పంపవచ్చు.

మిగిలిన సమయం ఎవరిది?

ఇక అసలు విషయానికి వద్దాం. మొదటి ఏడు ఈ ఏర్పాటంతా చేశాం. రోజూ సాయంత్రం గంటకు పైగా పని తగ్గింది. అయినా మా ఇంటావిడ సైరన్ మోగే వేళకు పొయ్యి దగ్గరే ఉంది. ఎందుకు? మేమే కారణం. "సమోసాలు సిద్ధంగా ఉన్నాయి కదా, ఈరోజు దహీవడలు కూడా చెయ్యి" అన్నది మేమే. పిల్లలు కట్లెట్లు అడిగారు. వచ్చిన అతిథి పేరు మీద ఇంకో రెండు వంటకాలు చేరాయి. మిగిలిన గంటను ఆమెకు ఇవ్వలేదు, మళ్ళీ దస్తర్‌ఖాన్ మీదే పరిచాం. తినండి, తాగండి, మితిమీరకండి అని ఆరాఫ్ సూరా 31వ ఆయతులో అల్లాహ్ ఇచ్చిన ఆజ్ఞను రోజా ఉన్న రోజునే మరిచిపోయాం.

రెండో ఏడు ఇంట్లో అందరం కూర్చుని ఒక నియమం పెట్టుకున్నాం. దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరం, పండ్లు, గుగ్గిళ్ళు, ఒక్క వేడి వంటకం, ఇంతే. మగ్రిబ్‌కు పావుగంట ముందు పొయ్యి కట్టేయాలి. ఆ తర్వాత ఎంత ముఖ్యమైన అతిథి వచ్చినా దానిని మళ్ళీ వెలిగించకూడదు. సమోసా కాస్త చల్లారితే చల్లారనీ.

మొదటి రోజు ఆమెకు దస్తర్‌ఖాన్ దగ్గర ఏం చేయాలో తోచలేదు. రెండుసార్లు లేవబోయింది. చిన్నమ్మాయి కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. తర్వాత ఆమె చేతులెత్తింది. సైరన్ మోగేదాకా దించలేదు. ఆ పావుగంటలో ఆమె తన ప్రభువును ఏం అడిగిందో మాకు తెలియదు, అడగలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె మాతోపాటు మొదటి ఖర్జూరం తిన్నది ఆ రోజే.

సోదరులారా! రానున్న షాబాన్‌లో ఒక ఆదివారాన్ని మీ ఇంటికి కేటాయించండి. ఉల్లిపాయలు ఒలవడానికి సిగ్గుపడకండి. సోదరీమణులారా! మిగిలిన సమయాన్ని మరో వంటకానికి ఇచ్చేయకండి, అది మీ దుఆల కోసం. రంజాన్ వెళ్ళిపోయాక కూడా వారంలో ఒక్క రాత్రయినా, కనీసం జుమా రాత్రి, ఇంట్లో అందరూ, వండినవారితో సహా, ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ ఒకేసారి బిస్మిల్లా చెప్పే అలవాటు చేసుకుందాం.

మన దస్తర్‌ఖాన్‌లలో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక! వేడిని భరించి మనకు వండిపెట్టే వారి హక్కును గుర్తించే మనసు మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.